తిరుగుడు గేటు

నన్ను ఎత్తినాయన పేరు ఇప్పటికీ తెలీదు.

ఇన్వర్‌డోరన్‌లో అప్పట్లో పిల్లలకి టికెట్టు లేదు.
ఎవరైనా పెద్దాయన ఎత్తి
ఇనప గేటు మీదుగా అవతల దించితే చాలు.
మగపిల్లలు వరసలో నిలబడి అడిగేవాళ్ళు,
"పెద్దాయనా, కాస్త దాటించవా" అని.
నాకు ఏడేళ్ళు. ఆడపిల్లని.
అమ్మ హెర్రింగు చేపలు తెమ్మని పంపింది,
పిడికిట్లో నాణేలు చెమటకి తడిశాయి.
నేను అడగలేదు.
అడిగేవాళ్ళ పక్కన నిలబడ్డానంతే.
చంకల కింద రెండు చేతులు పడ్డాయి,
లోకం ఒక్కసారి కిందికి పోయింది:
టోపీలు, చుట్టపొగ,
ఎవరి బట్టతల మీదో వాన చినుకులు.
మళ్ళీ కాళ్ళకి నేల తగిలింది.
ఆ రెండు క్షణాలకి
అరవయ్యారేళ్ళుగా వడ్డీ కడుతున్నాను.

ఆ రోజు ఆట చూశానని చెప్పలేను.
చూసింది వీపులు.
తడిసిన ఉన్ని కోట్ల వాసన,
ఎవరో తుంచి ఇచ్చిన వేడి మటన్ పఫ్,
కాలిన నాలుక.
వీపులు ఉన్నట్టుండి బిగుసుకునేవి,
ఉన్నట్టుండి జారిపోయేవి.
వీపుల్ని బట్టి ఆట చదవడం అప్పుడే నేర్చుకున్నాను.
నాలుగుసార్లు జారిపోయాయి.
థిసిల్ సున్నా, వచ్చినవాళ్ళు నాలుగు.

మా గోల్‌కీపర్ విల్లీ టల్లక్
మిగతా రోజుల్లో పోస్ట్‌మాన్.
సోమవారం పొద్దున మా తలుపు తట్టాడు.
నాలుగు బంతులు వదిలేసిన ఆ చేతులే
కరెంటు బిల్లు ఎంతో భద్రంగా అమ్మకి అందించాయి.
నేను భోరుమన్నాను.
చేపలు తేనందుకు తిన్న దెబ్బలు ఇంకా మండుతున్నాయేమో
అనుకుంది అమ్మ.
విల్లీకి మాత్రం తెలిసిపోయింది.
టోపీ సర్దుకుని, గొంతు తగ్గించి,
"వచ్చే శనివారం ఉందిగా" అన్నాడు.

ఆ మాట మీదే బతికాను.
పెళ్ళితో ఇంటిపేరు మారింది.
చర్చి మారాను, రెండుసార్లు.
ఉప్పు మానేశాను, సిగరెట్లు మానేశాను,
ఫెర్గస్‌ని వదిలేశాను.
కప్పులు గెలిచే పట్నం జట్టు అతనిది;
విడాకులకి కారణం అది కాదు.
పూర్తిగా కాదు.
థిసిల్ కింది డివిజన్‌కి పడ్డప్పుడూ,
ఇంకా కింద ఒకటుందని మాకు తెలిసొచ్చినప్పుడూ,
స్టాండు పైకప్పు గాలికి లేచి సముద్రంలో పడ్డ ఏడాదీ
అక్కడే ఉన్నాను,
ఉత్తరపు గోలు వెనక, మూడో మెట్టు మీద.

"కాస్త గెలిచే జట్టుని ఎంచుకోవచ్చుగా"
అంటుంది డాక్టరమ్మ, బీపీ పట్టీ బిగిస్తూ.
ఎంచుకోవడమా?
భుజం మీది టీకా మచ్చని ఎవరు ఎంచుకున్నారు తల్లీ?

ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు.
మొన్న మోకాలి ఆపరేషన్ తర్వాత, మత్తు దిగుతుంటే
ఆ చేతులు మళ్ళీ చంకల కిందికి వచ్చాయి.
ఈసారి తల తిప్పి చూశాను.
మొహం లేదు. మెడ చుట్టూ మఫ్లరుంది.
పసుపూ నలుపూ చారలు.
మాది ఆకుపచ్చ.
వచ్చినవాళ్ళ మనిషి!
నన్ను దించి, తల నిమిరి,
అవతలి మెట్ల వైపు వెళ్ళిపోయాడు,
కాసేపట్లో నాలుగుసార్లు ఎగిరి గంతెయ్యడానికి.

మత్తుమందు అల్లిన కథ కావచ్చు.
నిజమే అయితే
నా కాళ్ళు ఆయన వెనకే ఎందుకు పోలేదో
ఎంత తవ్వినా తేలదు.
జనం ఇటు తోశారు.
అంతకు మించి కారణం దొరకలేదు.

ఇప్పుడు గేటుకి కార్డు చూపిస్తే కీచుమంటుంది.
పిల్లలకీ కార్డే.
నిన్న వాన. లెక్కేస్తే నూట ఎనభై మందిమి.
రెండో గోలు పడగానే
నా ముందున్న కుర్రాడి వీపు జారిపోయింది.
ఎనిమిదేళ్ళుంటాయి, కొత్త మొహం,
మెడలో మఫ్లరు కూడా లేదు.
వాడితో ఏమీ అనలేదు నేను.
చేతిలో ఉన్న పఫ్ సగం తుంచి ఇచ్చాను.
నాలుక కాల్చుకున్నాడు.